డెంగీలో జ్వరం దిగిన రాత్రి

డెంగీ వచ్చినవాళ్ల గురించి "జ్వరం తగ్గిందిలే, ఇంకేం భయం లేదు" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ జబ్బులో జ్వరం సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులుంటుంది. ముదిరేవాళ్లకు అది దిగే వేళకే ముదురుతుంది. సన్నటి రక్తనాళాల గోడలు సడలి, రక్తంలోని నీరు పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూ ఉండే జాగాలోకీ కారిపోతుంది. ఇలా 24 నుంచి 48 గంటలపాటు కారుతుంది. మనిషి దక్కడమా, చేయి దాటిపోవడమా అన్నది ఆ గంటల్లోనే తేలుతుంది. థర్మామీటరు మాత్రం మామూలుగా ఉండే 37 డిగ్రీలే చూపిస్తుంటుంది.

థాయ్‌లాండ్‌లో బ్యాంకాక్‌కి తూర్పున, బాంగ్ పకోంగ్ నది ఒడ్డున ఉన్న చచెంగ్‌సావ్‌లో ఉంటాను. ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇల్లాలూ పిల్లలూ రాజమండ్రిలో ఉంటారు. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు పెద్దావిడ. ఇక్కడి అలవాటు ప్రకారం నేను 'పా' అంటాను, అంటే పెద్దమ్మ. ఆవిడ నన్ను 'లూక్' అంటుంది, బిడ్డా అని. నేనివాళ ఇది రాస్తున్నానంటే సగం ఆవిడ చలవే.

జ్వరం రాగానే దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్లాను. థాయ్ ఊళ్లలో సాయంత్రం ఆఫీసులు వదిలాక తెరిచే చిన్న క్లినిక్‌లు చాలా ఉంటాయి. మందులు వాళ్లే ఇస్తారు, జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి. సంచి మీద రోజుకెన్నిసార్లో, తిండికి ముందో తర్వాతో రాసి ఉంటుంది. మందు పేరు చాలాసార్లు ఉండదు. నాకూ అవే సంచులు ఇచ్చి, నొప్పులకని పిరుదు మీద ఓ ఇంజెక్షన్ పొడిచి పంపారు. రక్తపరీక్ష లేదు. నాలుగో రోజు ఒళ్లు చల్లబడింది. మళ్లీ వెళితే ఆ డాక్టరు బీపీ చూసి నవ్వుతూ, "జ్వరం పోయింది, బీపీ బాగుంది, రేపు పనికి వెళ్లొచ్చు" అన్నాడు. బీపీ 104/82. ఆ అంకె బాగోలేదని తర్వాత తెలిసింది. ఎందుకో కింద చెబుతాను. వానాకాలం, ఊరంతా దోమలు, నాలుగు రోజుల జ్వరం. ఒక్క రక్తపరీక్ష రాయడానికి ఆయనకేం అడ్డొచ్చిందో నాకు అర్థం కాదు. కోపం అయితే పోలేదు.

అందుకే ఇక్కడ ఉండేవాళ్లకు చెబుతున్నాను. మే నుంచి అక్టోబరు దాకా వానల్లో జ్వరం వస్తే, జలుబూ దగ్గూ లేకుండా కళ్ల వెనకా నడుములోనూ నొప్పి ఉంటే, డాక్టరు అడగకపోయినా మీరే అడగండి: "ఖో త్రువత్ ల్యుఅత్ క్రాప్" (ఆడవాళ్లయితే చివర 'ఖా'), రక్తపరీక్ష చేయండి అని. డెంగీని ఇక్కడ 'ఖాయ్ ల్యుఅత్ ఓక్' అంటారు. ఆ మాట వినగానే ఏ నర్సయినా తలెత్తి చూస్తుంది. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 (డెంగీ వైరస్ ప్రోటీన్) పరీక్ష పట్టిస్తుంది. ఆ తర్వాత ఐజీఎం యాంటీబాడీ చూడాలి. ఎన్ఎస్1 నెగటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ కాదని అనుకోకూడదు. రక్తకణాల లెక్క మూడో రోజు నుంచి రోజూ చేయించుకోవాలి. "ఖో ఛ్యూ యా" అని మందుల పేర్లు కాగితం మీద రాయించుకోండి. పారాసెటమాల్ తప్ప వేరే నొప్పిమాత్ర వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావం తెస్తాయి. కండకు పొడిచే ఇంజెక్షన్ కూడా వద్దు, లోపల రక్తం గూడు కడుతుంది. పారాసెటమాల్ అయినా 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, మళ్లీ ఆరు గంటలు ఆగాకే. డెంగీలో కాలేయం అప్పటికే దెబ్బతిని ఉంటుంది.

ఆ రాత్రి సంగతి. క్లినిక్ నుంచి వచ్చి పడుకున్నాను. జ్వరం లేదు, కానీ కుదురు లేదు. ఇటు దొర్లినా అటు దొర్లినా ఊపిరాడనట్టు ఉంది. కుడివైపు డొక్క కింద పట్టేసినట్టు నొప్పి. నీళ్లు తాగితే వాంతి. మధ్యాహ్నం నుంచి మూత్రం రాలేదన్న సంగతి ఒళ్లు తెలియని మగతలో గుర్తుకే రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ, "ఏవండీ, మాట ముద్దముద్దగా వస్తోందేంటి?" అంది. నిద్రమత్తులే అన్నాను.

పది దాటాక పా గంజి పట్టుకొచ్చింది. నా నుదురు ముట్టుకోలేదు, తిన్నగా పాదాలు పట్టుకుంది. తర్వాత అరచేతులు. గిన్నె కింద పెట్టేసి, "లూక్, కాళ్లూ చేతులూ ఇంత చల్లగా ఉండకూడదు, లే" అని కూతుర్ని కేకేసింది. ఆవిడ మనవడికి ఇదే జబ్బు వచ్చినప్పుడు పిల్లల వార్డులో కూర్చుని నేర్చుకున్న విద్య అది. జ్వరం దిగాక పిల్లాడి పాదాలు పట్టుకుని చూడమని నర్సులు తల్లులకు చెబుతారట. పికప్ వ్యాన్ వెనక సీట్లో నన్ను పడుకోబెట్టి ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లారు. బండి లేనివాళ్లు 1669కి ఫోన్ చేయాలి. సోయ్ (సందు) నంబరుతో పాటు దగ్గర్లోని గుడి పేరు కూడా చెబితే బండి త్వరగా వస్తుంది.

బీపీ 98/80. ఆ నర్సు అంకె చూసి ఏమీ అనలేదు, నవ్వలేదు, గబగబా లోపలికి వెళ్లింది. వచ్చిన డాక్టరమ్మ చిన్న వయసే. నాకు అర్థమయ్యేలా కాగితం మీద రెండు అంకెలూ రాసి మధ్యలో గీత గీసింది. పై అంకెను చూసి మోసపోకూడదట. రెండింటికీ మధ్య తేడా చూడాలి. ఆరోగ్యంగా ఉంటే ఆ తేడా 40 దరిదాపుల్లో ఉంటుంది. 20కి దిగిందంటే షాక్, అంటే ఒంట్లో అవయవాలకు రక్తం చాలకపోవడం, మొదలైనట్టే. రక్తంలో నీరు తగ్గినకొద్దీ శరీరం నాళాలను బిగబట్టి కింది అంకెను పైకి నెడుతుంది. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, పై అంకె కూడా ఫర్వాలేదనిపిస్తుంది, ఉన్నట్టుండి రెండూ పడిపోతాయి. సాయంత్రం క్లినిక్‌లో 'బాగుంది' అన్న 104/82లో తేడా 22. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

తర్వాత వేలి కొసన గుచ్చి, సన్నటి గాజు గొట్టంలోకి రక్తం పీల్చి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టారు. హెమటోక్రిట్ 51. అంటే రక్తంలో ఎర్రకణాల వాటా నూటికి 51; నీరు కారిపోయినకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. మా కంపెనీ ఏటా చేయించే ఆరోగ్య పరీక్షల కాగితం ఫోన్‌లో ఉంటే చూపించాను, అందులో 42. మామూలుగా ఉండేదానికి 20 శాతం పెరిగితే నీరు బాగా కారిపోయినట్టు లెక్క. 42కి 20 శాతమంటే 50 దాటుతుంది. ఆ పాత కాగితం లేకపోతే 51 అంటే ఎంత పెరిగినట్టో చెప్పడం కష్టమని డాక్టరమ్మ అంది. మీ దగ్గరా ఒకటి ఉంచుకోండి. సెలైన్ ఎక్కించారు, కానీ ఊరికే దించెయ్యలేదు. గంటగంటకీ నాడి, బీపీ, మూత్రం చూసి, కొన్ని గంటలకోసారి వేలు గుచ్చి, చుక్కల వేగం మార్చారు. తక్కువైతే షాక్. ఎక్కువైతే ఆ నీరంతా ఊపిరితిత్తుల చుట్టూ చేరి ఆయాసం. గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఇచ్చి, ప్రతి బొట్టూ అందులోనే పొయ్యమన్నారు. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లయినా రావాలి.

అసలు భయం వేసింది బ్లడ్ గ్రూప్ రిపోర్టు వచ్చినప్పుడు. నాది ఓ నెగటివ్. ఒకవేళ రక్తస్రావమైతే ఎక్కించాలి కదా. మన దేశంలో నూటికి ఐదుగురి దాకా నెగటివ్ ఉంటారు. థాయ్‌వాళ్లలో వెయ్యికి ముగ్గురే. నర్సు రిపోర్టు రెండుసార్లు చదివి ఫోన్ అందుకుంది. థాయ్ రెడ్‌క్రాస్ రక్తకేంద్రాన్ని అడుగుతున్నారని పా కూతురు చెప్పింది. అప్పటిదాకా దేవుడి పేరు తలవని నేను, పెదాలు కదలకుండా గోవింద నామాలు చదువుకున్నాను. తెల్లవారేసరికి బీపీ తేడా 34కి వచ్చింది. రక్తం అవసరం పడలేదు.

ఇంత జరుగుతుంటే ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ప్లేట్‌లెట్లు ఎంత?" మా బావమరిది అయితే, "బావా, 38 వేలకు పడ్డాయంటే ఇంకా ఎక్కించలేదేంటి? వాళ్లకు వైద్యం వచ్చా?" అన్నాడు. హైదరాబాద్‌లో, విజయవాడలో వానాకాలం వస్తే ప్లేట్‌లెట్ దాతల కోసం వాట్సాప్ సందేశాలు తిరగడం మనందరికీ తెలిసిందే. ఆ భయం అర్థమవుతుంది, కానీ ఆ మాట మాత్రం సహించలేను. డెంగీలో రక్తస్రావ జ్వరం పెద్దయెత్తున వచ్చి పిల్లల్ని పొట్టనబెట్టుకున్న నగరాల్లో బ్యాంకాక్ ఒకటి, 1958లో. అక్కడి పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సుచిత్ర నిమ్మనిత్య ఏళ్లతరబడి మంచాల పక్కన గమనించి రాసిన పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకుంది. వేలి మీద హెమటోక్రిట్, బీపీ తేడా, మూత్రం, ఇవి వాళ్లు నేర్పిన లెక్కలే. రక్తం కారకుండా ఉన్నప్పుడు అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించరు. నీరు కారడం ఆగాక అవే లేస్తాయి. నావీ అలాగే లేచాయి.

బొప్పాయి ఆకు రసం, దానిమ్మ, బీట్‌రూట్ తాగమని చుట్టాలందరూ చెప్పారు. ఇక్కడి వార్డులో ఎరుపు, నలుపు, ముదురు గోధుమ రంగు తిండీ పానీయాలూ పూర్తిగా నిషేధం. పుచ్చకాయ, కోలా, చాక్లెట్, థాయ్‌వాళ్లకు ప్రాణమైన ఎర్ర షర్బత్తు, ఏదీ వద్దు. వాంతిలోనో విరేచనంలోనో ఆ రంగు కనిపిస్తే రక్తమా, తిన్నదా అని తేల్చుకోలేక విలువైన సమయం పోతుంది. మన పరామర్శల మొదటి వస్తువు దానిమ్మ కాబట్టి ఈ ఒక్క ముక్క మన ఊళ్లలో కూడా అందరికీ చెప్పాలనిపిస్తుంది. నాకు పెట్టింది చోక్ అనే మెత్తటి బియ్యం జావ, ఓఆర్ఎస్, లేత కొబ్బరినీళ్లు. ఓఆర్ఎస్ పొట్లం మీద ఎంత నీళ్లని ఉంటే అంతలోనే కలపాలి, గుటకలు గుటకలుగా తాగాలి. ఉత్త మంచినీళ్లే బిందెడు తాగితే ఒంట్లో ఉప్పు పడిపోతుంది.

వార్డులో మనిషి తోడు ఉండాలని ఇక్కడ అనుకుంటారు. మంచం పక్కన చాప పరుచుకుని ఇంటివాళ్లు పడుకుంటారు. నాకెవరున్నారు? పా కూతురు రాత్రిళ్లు, ఫ్యాక్టరీలో నా కింద పనిచేసే కుర్రాడు పగళ్లు ఉన్నారు. ఎవరూ అడగలేదు, వాళ్లలో వాళ్లే వంతులు వేసుకున్నారు. థాయ్ నర్సులు గట్టిగా మాట్లాడరు, చెడ్డ కబురు ముఖం మీద చెప్పరు, 'మై పెన్ రాయ్' (ఏం ఫర్వాలేదు) అని ఓదార్చేస్తారు. అందుకని "ఎలా ఉంది" అని అడిగితే లాభం లేదు. హెమటోక్రిట్ ఎంత, బీపీ ఎంత అని అడగాలి. అంకె మాత్రం దాచరు. చాలామంది తోడొచ్చిన థాయ్ స్నేహితులు కూడా మొహమాటం కొద్దీ డాక్టరు మాటను మెత్తబరిచి చెబుతారు. కాబట్టి కాగితం మీద రాయించుకోవడమే మేలు.

కోలుకునేటప్పుడు అరచేతులూ అరికాళ్లూ భరించలేనంత దురద పెట్టాయి, కాళ్ల మీద ఎర్రటి దద్దు మధ్యలో తెల్లటి మచ్చలు తేలాయి. నేను బెంబేలెత్తితే నర్సులు సంతోషపడ్డారు. ఆకలి వేయడం, నాడి నెమ్మదించడం, ఆ దద్దు, ధారాళంగా మూత్రం, ఇవి నీరు మళ్లీ నాళాల్లోకి తిరిగొస్తున్న గుర్తులు. అప్పుడు సెలైన్ ఆపేయాలి, ఆపేశారు. నీరసం మాత్రం వారాల తరబడి ఉంటుంది. ఉద్యోగం గురించి కంగారు వద్దు. ఇక్కడి కార్మిక చట్టం ఏడాదికి 30 పనిదినాల దాకా జీతంతో జబ్బు సెలవిస్తుంది. మూడు రోజులు, అంతకు మించితే డాక్టరు సర్టిఫికెట్ అడగొచ్చు. సామాజిక భద్రత చందా కడుతున్నవాళ్లు తమ కార్డుకు ఏ ఆసుపత్రి రాసి ఉందో ముందే చూసి పెట్టుకోండి. అత్యవసరమైతే ఎక్కడికైనా వెళ్లొచ్చు, కానీ చేరిన వెంటనే ఆ ఆసుపత్రికి కబురు చేయాలి.

నేను షాక్‌లో ఉన్న రాత్రి పా ఇంటి ముందు భూమి దేవత గూడు దగ్గర నిలబడి, నేను బతికితే వాట్ సోథోన్ గుడిలోని బుద్ధ విగ్రహం లువాంగ్ ఫో సోథోన్‌కి ఉడికించిన గుడ్లు చెల్లిస్తానని మొక్కింది. అదే రాత్రి మా అమ్మ తిరుమలకు మొక్కింది. ఏ మొక్కు తీర్చమంటావని నన్ను ఎవరూ అడగలేదు, రెండూ తీర్చాను. గుడ్ల పళ్లెం పట్టుకుని ఆ బుద్ధుడి ముందు కూర్చున్నప్పుడు నాకు ఏ తేడా అనిపించలేదు. ఆవిడ పాదాలు పట్టుకోకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు.

డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒకటి వచ్చి పోతే దానికి రక్షణ ఉంటుంది. రెండోది వస్తే ముదిరే ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే ఇప్పుడు వారం దాటకుండా ఇల్లంతా చూస్తాను. పూలకుండీలు, దేవత గూటి ముందు పూలజాడీ, చీమలు ఎక్కకుండా వంటింటి బీరువా కాళ్ల కింద పెట్టిన నీళ్ల సాసర్లు. మా ఇంట్లో లార్వాలు దొరికింది ఆ సాసర్లలోనే. ఇప్పుడు వాటిలో ఉప్పు వేస్తాం. నీళ్లు పారబోస్తే సరిపోదు, గుడ్లు అంచుకు అతుక్కుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి, బ్రష్‌తో రుద్దాలి. గ్రామ ఆరోగ్య వాలంటీర్లు, మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లు, నీళ్లలో లార్వాలను చంపే 'సాయ్ అబేట్' అనే మందు ఇసుక ఇచ్చిపోతారు. 10 లీటర్లకు 1 గ్రాము, 200 లీటర్ల బానకు 20 గ్రాములు వెయ్యాలి. ఇక మీది నెగటివ్ గ్రూప్ అయితే బ్యాంకాక్‌లో ఆంరీ దునాంత్ రోడ్డులోని రెడ్‌క్రాస్ జాతీయ రక్తకేంద్రంలో పేరు నమోదు చేయించుకోండి. జ్వరం వచ్చాక కాదు, ఒంట్లో బాగున్నప్పుడే.