పాల బూత్ దాకా

మా ఇల్లు రాంనగర్‌లో. ఇంటి నుంచి పాల బూత్ దాకా నడిస్తే నాలుగు నిమిషాలు. పోయిన ఏడాది దసరా తర్వాత ఆ కాస్త దూరానికే మధ్యలో ఆగాల్సి వచ్చేది. తడిగుడ్డ పిండినట్టు ఎడమ పిక్క పట్టేసేది. కరెంటు స్తంభం పట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే పోయేది. మళ్ళీ నడిస్తే సరిగ్గా అంతే దూరంలో మళ్ళీ వచ్చేది.

ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టర్‌గా చేశాను. నిలబడి చేసే ఉద్యోగం, కాళ్ళనొప్పులు మాకు మామూలే అనుకున్నాను. మొదట చూసిన డాక్టర్ మోకాలికి ఎక్స్‌రే తీయించి అరుగుదల అన్నారు. అరవై రెండేళ్ళ మనిషి మోకాలికి అరుగుదల లేకుండా ఉంటుందా? నొప్పి మోకాల్లో కాదు, పిక్కలో అని నేనూ గట్టిగా చెప్పలేదు. మర్దనాలు, నొప్పి మాత్రలు, క్యాల్షియంతో ఏడు నెలలు పోయాయి. అన్నాళ్ళూ రోజుకు పది సిగరెట్లు కాలుస్తూనే ఉన్నాను. అదే ఇప్పటికీ బాధ.

ఒకరోజు మా ఆవిడ "ఏమండీ, ఈ ఒక్క కాలే ఇంత చల్లగా ఉందేంటి?" అంది. మా అమ్మాయి రక్తనాళాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది.

అక్కడ రెండు గంటలు కూర్చున్నాం. పక్కన ఒక టీచరమ్మ. పొద్దున బాగానే ఉంటుందట, సాయంత్రానికి ఇసుక మూటలు కట్టినట్టు బరువట, కాళ్ళు దిండు మీద పెడితే హాయట. ఆమెవి ఉబ్బిన సిరలు. ఇంకో పెద్దాయనకు నడిస్తే రెండు కాళ్ళూ లాగుతాయి, నిలబడితే తగ్గదు, కూర్చుని ముందుకు వంగితేనే తగ్గుతుంది. ఆయనకు నడుములో నరాలు ఒత్తుకుంటున్నాయి. కాలికి కట్టుతో నెలరోజులు మంచం మీదున్న కుర్రాడికి ఒక్క కాలే ఉన్నట్టుండి వాచింది. లోపలి సిరలో గడ్డ ఉండొచ్చని, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయమని, టోకెన్ చూడకుండా ముందే లోపలికి పంపారు. అందరమూ కాలినొప్పి అనే వచ్చాం.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఎంత దూరం నడిస్తే వస్తుంది? నిలబడితే తగ్గుతుందా, కూర్చోవాలా?" ఏడు నెలల్లో నన్నెవరూ అది అడగలేదు. తర్వాత పాదం మీద నాడి వెతికారు. కుడి కాలికి దొరికింది, ఎడమ కాలికి దొరకలేదు. చేతికీ చీలమండకూ బీపీ పట్టీ కట్టి, రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పరికరం పెట్టి చూశారు. చేతి దగ్గర 140, ఎడమ చీలమండ దగ్గర 88. భాగిస్తే 0.63. అది 0.9 లేదా అంతకన్నా తక్కువుంటే ధమని పూడినట్టు లెక్క. షుగర్ ఉన్నవాళ్ళకు నాళాలు గట్టిపడి ఈ నంబర్ తప్పుగా ఎక్కువ చూపించవచ్చట, వాళ్ళకు బొటనవేలి దగ్గర చూస్తారట. స్కానింగ్‌లో నా తొడ ధమనిలో బ్లాక్ కనిపించింది. కాల్లో ఉందంటే గుండెకూ మెదడుకూ వెళ్ళే నాళాల్లోనూ ఉండే అవకాశముందని విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

స్టెంట్ వేస్తారనుకున్నాను. ఆయన సిగరెట్ మానమన్నారు, రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, కొలెస్ట్రాల్‌కు ఒకటి ఇచ్చారు, నడవమన్నారు. నొప్పి బాగా పెరిగేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. అరగంట నుంచి ముప్పావుగంట, వారానికి కనీసం మూడుసార్లు, పన్నెండు వారాలు. నొప్పి పుట్టించే నడకే మందంటే నమ్మడం కష్టమైంది. అంతకన్నా కష్టం సిగరెట్. డ్యూటీ దిగి టీ గ్లాసుతో పాటు వెలిగించడం ముప్పై ఏళ్ళ అలవాటు. మొదటి నెల టీ కూడా మానేశాను.

బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కులో నడిచాను. మొదటి వారం ఒక రౌండ్‌కు మూడుసార్లు ఆగాను. పన్నెండు వారాల తర్వాత మళ్ళీ కొలిస్తే 0.65. ప్రాణం ఉసూరుమంది. "నంబర్ వదిలేయండి, ఎంత నడుస్తున్నారు?" అన్నారు డాక్టర్. ఆగకుండా రెండు రౌండ్లు. వచ్చే రక్తంతోనే పని చేసుకోవడం కండరం నేర్చుకుందని, బ్లాక్ అలాగే ఉన్నా నడక పెరగడం అందుకేనని చెప్పారు. పడుకున్నా నొప్పి వస్తున్నా, పాదం మీద పుండు మానకపోయినా ఒక్క రోజు కూడా ఆగకుండా రమ్మన్నారు.

ఇప్పుడు పాలు నేనే తెస్తున్నాను. రాత్రి పడుకునే ముందు మా ఆవిడ టార్చి వేసి వేళ్ళ సందులు చూస్తుంది.