పోలోగ్జామర్ జెల్, 6వ బ్యాచ్: సూది మళ్లీ పట్టేసింది

మళ్లీ అదే తంటా. పోలోగ్జామర్ జెల్ అంటే చల్లగా ఉంటే ద్రవంగా ఉండి, ఒంటి వేడికి గట్టిపడే పాలిమర్ ద్రావణం. మందు కలిపి సూదితో ఎక్కించాలన్నది మన ప్రయత్నం. ఒంటికి బదులు పెట్టిన అగర్ దిమ్మలోకి సూది దిగింది, ప్లంజర్ మాత్రం కదల్లేదు. గట్టిగా నొక్కితే టప్పున వదిలి, నీలం రంగు దిమ్మ అవతల దాకా చిమ్మింది.

బ్యాచ్ లెక్క: పోలోగ్జామర్ 407 రకం 9 గ్రా., డిస్టిల్డ్ వాటర్ 41 గ్రా., మందు బదులు మిథిలీన్ బ్లూ 5 మి.గ్రా. అంటే పోలోగ్జామర్ 18 శాతం. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే ఉండ కట్టకుండా తేటగా కరిగింది. ట్యూబ్ వంచి చూస్తే జెల్ పాయింట్ (ద్రవం గట్టిపడే వేడి) 27 డిగ్రీలు. నిమిషానికి అర డిగ్రీ మించి వేడి చేస్తే ఇది ఎక్కువ చూపిస్తుంది. 4వ బ్యాచ్‌లో 29 అని రాసింది అందుకే తప్పు.

ఇక సూది సంగతి. తొలి అనుమానం ఎండ మీదే. కర్నూలులో మే నెల మధ్యాహ్నం గదిలోనే 41 డిగ్రీలు, ఒంటికన్నా గదే వేడి. 5 మి.లీ. సిరంజిలోని ద్రవం కాసేపు చల్లగానే ఉంటుంది కానీ, 23 నంబర్ సూది (నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నం) లోపల పట్టేది 2 మైక్రోలీటర్లే. ఐస్ బాక్స్ నుంచి తీసిన పదిహేను సెకన్లకే అది గట్టిపడుతోంది. సిరంజికి తడిగుడ్డ చుట్టి చూశాం. మన పొడిగాలికి కుండనీళ్లలాగే బాగా చల్లబడింది. అయినా పట్టేసింది. రాత్రి గది 30కి దిగాక చేసినా అంతే. అంటే ఎండను తిట్టుకున్నది సగం అనవసరం: 37 డిగ్రీల దిమ్మలో దిగిన సూది రెండు మూడు సెకన్లలోనే వేడెక్కుతుంది, బయట ఎంత చల్లగా ఉంచినా.

రెండో ఉపాయం లావు సూది. 21 నంబర్, ఒకటిన్నర అంగుళం. సిరంజిని స్టాండ్‌కు బిగించి, ప్లంజర్ మీద ఇసుక సీసా పెట్టి, కదిలేదాకా ఇసుక పోస్తూ తూకం చూశాం. ఒక అంగుళం 23కి 950 గ్రా., 21కి 900. దాదాపు తేడా లేదు! తర్వాత లెక్కేస్తే కారణం తేలింది. గట్టిపడిన జెల్‌ను కదిలించే ఒత్తిడి సూది పొడవును లోపలి వ్యాసంతో భాగించినదాన్ని బట్టి ఉంటుంది. 23కి 25.4 బై 0.34, 21కి 38 బై 0.51. రెండూ 75 దగ్గరే. అర అంగుళం 26 నంబర్‌కు అదే లెక్క 49. సన్నదే అయినా 700 గ్రాములకే కదిలింది. ఖాళీ సిరంజి రబ్బరు రాపిడే 250 గ్రా. ఉంది, అది తీసేసి చూస్తే తేడా ఇంకా స్పష్టం. లావు సూది వాడమనే సలహా పొడవు చెప్పకపోతే దండగ.

చిమ్మడానికి కారణమూ ఇదే. ముందు గట్టి బిరడా, వెనక నీళ్లలాంటి చల్లటి ద్రవం. బిరడా వదిలాక వేలి బలమంతా ద్రవం మీదే పడుతుంది. సూది దింపాక చోటు చూసుకుంటూ ఆగడం మన పెద్ద తప్పు. దింపుతూనే నెమ్మదిగా నొక్కుతూ పోతే ఐదింటిలో నాలుగుసార్లు పట్టలేదు.

16 శాతం కూడా చూశాం: సూది సులువే, కానీ జెల్ మరీ మెత్తన, నీళ్లు తగిలితే గంటలో కొట్టుకుపోయింది. నీళ్ల బదులు సెలైన్‌తో కలిపిందీ నయం కాదు. ఉప్పు జెల్ పాయింట్‌ను 3 డిగ్రీలు కిందికి లాగేసింది. బోరు నీళ్ల జోలికి అసలు పోవద్దు. సరుకు విషయానికొస్తే, గింజల రూపంలో వచ్చే కొలిఫోర్ పీ407 (పోలోగ్జామర్ 407కే బ్రాండ్ పేరు) ఖరీదెక్కువే అయినా తూకంలో దుమ్ము లేవదు. విడి ప్యాకెట్ల పొడి మీద మాత్రం నమ్మకం లేదు.

7వ బ్యాచ్‌లో 18 శాతానికి పోలోగ్జామర్ 188 రకం 3 శాతం కలపాలి. దానిలో పీఈఓ (నీటిని ఇష్టపడే పాలిథిలీన్ ఆక్సైడ్) భాగం 80 శాతం, 407లో 70. అందువల్ల జెల్ పాయింట్ 31 దాకా లేస్తే గాలిలో కాస్త గడువు దొరుకుతుంది. సిరంజి 2 మి.లీ.ది, సూది 26 నంబర్ అర అంగుళానిది. ఆ తర్వాత కొట్టుకుపోవడం తగ్గడానికి హెచ్‌పీఎంసీ కే4ఎం (చిక్కబరిచే సెల్యులోజ్ పొడి) అర శాతం.

పీఎల్‌జీఏ (ఒంట్లో మెల్లగా కరిగిపోయే పాలిమర్) గోళీలు మాత్రం డిసెంబరుకే. దాన్ని కరిగించే డైక్లోరోమీథేన్ 39.6 డిగ్రీలకే మరుగుతుంది, ఈ ఎండలో సీసా మూత తీయడమే ప్రమాదం. పాలిమర్ ప్యాకెట్ అప్పటిదాకా ఫ్రీజర్‌లోనే. తీసిన రోజు గది వేడికి వచ్చాకే విప్పాలి, లేకపోతే చెమ్మ పట్టేస్తుంది.