రిసీవర్‌కి ముందు గాలి ఆడాలి

బిగించడానికి వచ్చినతను మా 5.1 రిసీవర్‌ని (ఐదు స్పీకర్లకీ, బేస్ కోసం ఉండే సబ్‌వూఫర్‌కీ సౌండ్ పంపే హోమ్ థియేటర్ పెట్టె) టీవీ యూనిట్ అరలో ఇరికించి వెళ్లాడు, పైన రెండు వేళ్ల సందు కూడా లేదు, విజయవాడ మే ఎండలకి సినిమా సగంలో దానంతటదే ఆగిపోయేది. బయటికి తీసి పైన జానెడు ఖాళీ వదిలాక ఆ గొడవే లేదు.

మైక్ పెట్టి స్పీకర్ల ఆటో సెటప్ చేసినా సరే, తర్వాత ఒకసారి రిసీవర్ మెనూలోకి వెళ్లి చూడండి. ఫ్రంట్ స్పీకర్లు 'లార్జ్' అని ఉంటే 'స్మాల్' చేసి క్రాసోవర్ (బేస్‌ని విడదీసే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి, ఆ కింది బేస్ అంతా సబ్‌వూఫర్‌కి పోతుంది, చిన్న స్పీకర్ల మీద భారం తగ్గుతుంది. డైలాగులు వినపడట్లేదని అమ్మ ఎప్పుడూ అనేది, డైలాగులు వచ్చే మధ్య స్పీకర్, అంటే సెంటర్ ఛానల్, 3 డెసిబెల్స్ పెంచా, అంతే, ఇప్పుడు రిమోట్ అడగట్లేదు! ఓటీటీల్లో వచ్చే అట్మాస్‌కైతే (పైనుంచి కూడా సౌండ్ వచ్చినట్టుండే డాల్బీ ఫార్మాట్) మామూలు ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లో రిసీవర్‌కి పంపే దారి) చాలు, బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీ (నాణ్యత తగ్గించని డాల్బీ సౌండ్) టీవీ మీదుగా రావాలంటేనే దానికన్నా ఎక్కువ డేటా పంపే ఈఏఆర్‌సీ కావాలి.