వంగ మడి వేరు పురుగు: నెమటోడ్లు లోతుకు దిగాయి, పురుగు మాత్రం చావలేదు

పురుగుల్ని చంపే సన్నటి నులిపురుగులైన నెమటోడ్లు మట్టిలో లోతుకు దిగని సమస్య ఈసారి తీరింది, అయినా వేళ్లు తినే వేరు పురుగు బతికే ఉంది! వాడిన వంగ మొక్కని పట్టి లాగితే ఇప్పటికీ తేలిగ్గా ఊడొస్తోంది. కింద పీచు వేరే మిగల్లేదు.

టమాటా నారు మొదళ్లు కొరికే పురుగు స్టైనర్‌నీమా కార్పోకాప్సే అనే నెమటోడ్ జాతికి లొంగింది. అక్కడ ఇక చెప్పేదేం లేదు.

వంగలో వేసింది హెటెరోరాబ్డిటిస్ ఇండికా అనే మరో నెమటోడ్ జాతి, చదరపు మీటరుకు 2.5 లక్షలు. పోయిన విడత మీటరుకు 2 లీటర్ల నీళ్లే పోస్తే తడి 6 సెం.మీ. దాటలేదు. నెమటోడ్లు ఎంత లోతుకు చేరాయో తెలియడానికి ఎరగా మైనపు చిమ్మట లార్వాల్ని జాలీ సంచుల్లో 5 సెం.మీ., 15 సెం.మీ. లోతుల్లో పాతి చూస్తే పైవే చచ్చాయి. అందుకే ఈసారి మడిని ముందే నానబెట్టి, నెమటోడ్లు పోశాక మీటరుకు 8 లీటర్లు పెట్టాను. 15 సెం.మీ. దగ్గరి లార్వాలు కూడా ఇటుక ఎరుపు తిరిగి మెత్తబడ్డాయి. ఒకదాన్ని నీటిచుక్కలో చీల్చి లెన్స్ పెడితే లోపలంతా నెమటోడ్లే, మెలికలు తిరుగుతూ. ఆ లోతులో మట్టి వేడి మధ్యాహ్నం 28 డిగ్రీలు, ఇండికాకి అది హాయి. అదే మట్టిలో, ఆ సంచికి జానెడు దూరంలో, బొద్దుగా ఉన్న వేరు పురుగు కాళ్లాడిస్తోంది.

నా అనుమానం పురుగు వయసు మీద. వేరు పురుగుల్ని మడి మట్టితోనే డబ్బాల్లో విడివిడిగా పెట్టి చూశాను. ఎదుగుదలలో రెండో దశవి 10లో 7 చచ్చాయి, ముదిరిన మూడో దశవి 10లో 2. ముదిరిన పురుగుకి ఊపిరి రంధ్రాల మీద జల్లెడలాంటి పలక ఉంటుంది, నెమటోడ్ అటునుంచి దూరలేదు. ఒంటి మీద పాకేవాటిని కాళ్లతో, నోటితో తుడిచేస్తుంది కూడా. వేరు పురుగుల్లో జాతిని బట్టి లొంగే తీరు మారుతుంది కాబట్టి ఆ కోణం కూడా కొట్టేయను. మోతాదు రెట్టింపు చేయమని సలహాలొచ్చాయి గానీ, లార్వాలు చచ్చిన మట్టిలో సంఖ్య చాల్లేదనడం నాకు నచ్చలేదు.

ఇక పురుగులకి సోకి చంపే ఫంగస్, మెటారైజియం వంతు. టాల్క్ పొడి కన్నా గింజల మీద పెంచిన ఫంగస్సే నాకిష్టం. పచ్చటి బూజు కంటికి కనిపిస్తుంది, చివికిన ఎరువులో కలిపి నీడన తడిగా మగ్గబెడితే బాగా అల్లుకుంటుంది. ముందు ఫంగస్ తగిలి నీరసించిన పురుగు మీద కొన్ని వారాలకి నెమటోడ్లు వదిలితే రెండూ కలిసి బాగా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలిందే. వంగ మడిలో సగానికి ఫంగస్ ఒక్కటే, సగానికి రెండూ, చివర ఒక సాలు ఏమీ వేయకుండా వదిలేస్తాను. తొలి వానలకి, వేరు పురుగులు ఎదిగి మారిన పెంకు పురుగులు లేచినప్పుడు దీపపు ఎర పెట్టి, అవి పడిన తేదీలు రాసుకుంటే గుడ్లు పొదిగే అదను దొరుకుతుంది. వచ్చే విడత నెమటోడ్లు ఆ పిల్ల పురుగుల మీదే.