ఎండ కోసం పాడిన పాటలు

ఒంటిపూట బడులు మొదలయ్యే రోజుల్లోనే మన మ్యూజిక్ మిస్‌కి ఎండ మీద పాటలు నేర్పాలనిపించేది. మార్చి నెల, అదీ గుంటూరులో. ఎనిమిది కాకముందే ప్రార్థన హాలు రేకులు వేడెక్కేవి, యూనిఫామ్ వీపుకు అంటుకుపోయేది. మిస్ మాత్రం పియానో ముందు కూర్చుని, తెల్లవారినందుకు, సూర్యుడు వచ్చినందుకు సంతోషంగా నవ్వుతూ పాడమనేవారు. ఇంగ్లండులో వసంతం వచ్చిందట! ఇక్కడ మనకు వేపపూత రాలుతోంది, గేటు బయట పుల్ల ఐసు బండి దిగింది, పైన పరీక్షల టెన్షన్. సూర్యుడు వస్తున్నాడన్న కబురుకు ఎవరైనా ఎందుకు పాట కడతారో మనలో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. మన పాటల్లో పిలిస్తే చందమామను పిలుస్తాం, పొగిడితే వెన్నెలను పొగుడుతాం. ఎండాకాలం ముంగిట్లో నిలబడి ఎండను రమ్మనడం మన ఇళ్లలో ఎవరూ చేసే పని కాదు.

మన బడి జ్ఞాపకాల కోసం వేస్తున్న ఈ సంచికలో టీచర్ల గురించి, టిఫిన్ డబ్బాల గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను ఆ పాటల గురించే రాస్తాను. ఇప్పటికీ ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో అవే వింటుంటాను.

అసెంబ్లీలో పాడిన ‘మార్నింగ్ హాజ్ బ్రోకెన్’ అందరికీ గుర్తుండే ఉంటుంది. దాని బాణీ స్కాట్లండులోని మల్ దీవిది. అక్కడి బనెసన్ అనే ఊరి పేరుతోనే ఆ బాణీని పిలుస్తారు. ప్రార్థన గీతాల పుస్తకం కూర్చేవాళ్లు ఆ పాత బాణీకి కొత్త మాటలు కావాలని అడిగితే, పిల్లల కోసం కథలూ గేయాలూ రాసే ఎలినార్ ఫార్జన్ రాసిచ్చారు. 1931లో అచ్చయింది. 1971లో ఇంగ్లండు గాయకుడు క్యాట్ స్టీవెన్స్ దాన్ని తన ఆల్బమ్‌లో పాడాక రేడియోలన్నిటికీ ఎక్కింది. అసలు పాట మరీ పొట్టిది, రికార్డుకు చాలదు. అందుకని దానికి పియానో వరసలు జోడించి సాగదీశారు. వాయించింది రిక్ వేక్‌మన్, తరవాత యెస్ అనే రాక్ బ్యాండ్‌లో పేరు తెచ్చుకున్నాయన. మన మిస్ పాటకు ముందు వాయించే వరస ఆయనదేనని చాలా ఏళ్ల తరవాత ఆ రికార్డు విన్నప్పుడు తెలిసింది. ప్రార్థన పుస్తకంలో ఆ వరస ఉండే అవకాశం లేదు. అంటే మిస్ ఇంట్లో క్యాసెట్ విని, దాన్ని చేతికి పట్టించుకుని, చడీచప్పుడు లేకుండా అసెంబ్లీలోకి తెచ్చేశారన్నమాట. రోజూ ముందు వరసలో కళ్లు మూసుకుని వినే సిస్టర్లకు ఈ సంగతి తెలిసి ఉండదు.

స్కూల్ డే కోసం నేర్పిన ‘హియర్ కమ్స్ ద సన్’ సంగతి వేరు. అది ఇంగ్లండు బ్యాండ్ బీటిల్స్ వాళ్ల పాట, రాసినవాడు జార్జ్ హారిసన్. 1969 మొదట్లో ఆయన రోజులు ఏమీ బాగోలేవు. జనవరిలో బ్యాండ్ వదిలేసి వెళ్లి మళ్లీ వచ్చాడు. మార్చిలో మత్తుమందుల కేసులో అరెస్టయ్యాడు. పైగా ఆపిల్ అనే వాళ్ల సొంత కంపెనీలో ఎప్పుడు చూసినా మీటింగులు, లెక్కలు, సంతకాలు. ఆఫీసు కాస్తా స్కూలులా తయారైందని ఆయనే తరవాత రాసుకున్నాడు. ఏప్రిల్‌లో ఒకరోజు మీటింగుకు బంక్ కొట్టి, స్నేహితుడు, గిటార్ వాయించే ఎరిక్ క్లాప్టన్ ఇంటికి వెళ్లిపోయాడు. చలికాలం ఎంతకీ వదలని ఏడాది అది. ఆ రోజు ఎండ కాసింది. క్లాప్టన్ గిటార్ ఒకటి అడిగి తీసుకుని తోటలో తిరుగుతూ పాట కట్టాడు. బంక్ కొట్టి చేసిన పనుల్లో ఇంతకంటే గొప్పది ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు. మన వెనక బెంచీ వాళ్లు సినిమాకు వెళ్లి వచ్చేవారు, అంతే.

ఆ పాట మధ్యలో సూర్యుణ్ణి పదేపదే పిలిచే చోటు ఉంది. అక్కడ మనందరి చప్పట్లు తప్పేవి. మిస్ ఎంత చెప్పినా కుదరలేదు. బ్రాడీపేటలో మృదంగం నేర్చుకునే మన క్లాసు అబ్బాయి ఒకడు ఓ మూల నిలబడి వేళ్లు లెక్కపెట్టి, “తకిట తకిట తకిట తక” అని చెప్పాడు. పదకొండు. ఆ వెంటనే ఎనిమిది, ఆపైన ఏడు. ఆ లెక్కతో చప్పట్లు కొడితే సరిగ్గా కూర్చుంది. మిస్ వాణ్ణి అలాగే చూస్తూ ఉండిపోయారు. అది కాకతాళీయం కాదు. హారిసన్ 1966 నుంచీ రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నవాడు. హిందుస్తానీలో తిహాయీ అంటారే, ఒక ముక్కను తిప్పి తిప్పి వేసి సమం మీదికి, అంటే తాళం మొదటి దెబ్బ మీదికి, తెచ్చి దించే పద్ధతి, మన మృదంగం వాళ్ల తీర్మానం లాంటిది, దాని వాసన ఈ చోట బాగా తగులుతుంది. డ్రమ్స్ వాయించిన రింగో స్టార్ కూడా దీన్ని ఇండియన్ ట్రిక్ అనే చెప్పుకున్నాడు. బీటిల్స్ వాళ్లు కష్టపడి వాయించిన తాళాన్ని మనవాడు నోటితో చెప్పేశాడు! 2023లో ఈ పాటను స్పాటిఫై అనే పాటల యాప్‌లో విన్న లెక్క వంద కోట్ల సార్లు దాటిందని చదివినప్పుడు నాకు ముందుగా వాడే గుర్తొచ్చాడు.

ఇంత నేర్చుకున్నా అసలు విషయం మనకు అందలేదు. ఆ పాటలు ఎండ గురించి కాదు, ఎండ లేకపోవడం గురించి. అది నాకు అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో తెలిసింది. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఉగాది నాటికి మన ఊళ్లో కుండలో నీళ్లు తాగుతుంటే, ఇక్కడ పార్కింగ్ స్థలాల అంచున నల్లబడ్డ మంచు గుట్టలు ఉంటాయి. అమ్మ ఎండబెట్టి పంపిన వేపపువ్వుతో పచ్చడి చేస్తాం, కిటికీ లోంచి చూస్తే చెట్టుకు ఒక్క చిగురు ఉండదు. నవంబరులో కోటు తొడుక్కున్న మనిషి ఏప్రిల్‌కి గానీ దాన్ని తీయడు. అలాంటి ఒక మధ్యాహ్నం మబ్బు విడి, బస్సు కిటికీ లోంచి మొహం మీద ఎండ పడితే, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి కూడా నవ్వుతాడు.

అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ ‘సన్‌షైన్ ఆన్ మై షోల్డర్స్’ రాసింది కూడా మిన్నెసోటాలోనే. చలికాలం పోకుండా, వసంతం రాకుండా వేలాడే రోజుల్లో, మంచు కరిగి బురదైన ఒక దిగులు రోజున రాశానని ఆయనే చెప్పాడు. 1971లో ఆల్బమ్‌లో వచ్చింది, 1974లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. మిస్ దాన్ని హుషారుగా చప్పట్లతో పాడించేవారు. నాకిప్పుడది చాలా నెమ్మదైన, కాస్త బెంగపడ్డ పాటలా వినిపిస్తుంది. ‘వాకింగ్ ఆన్ సన్‌షైన్’ నాకు పడనిదీ అందుకే. సూపర్ మార్కెట్లలో అదేపనిగా వేస్తారు. అందులో ఎండ ముందే వచ్చేసింది, ఎదురుచూపు లేదు. మా ఆవిడకు అదే ఇష్టం, వంట చేస్తూ పెద్ద సౌండ్‌తో పెడుతుంది, నేను బయటికి వెళ్లిపోతాను.

మిస్ నేర్పనిది, నేను చేర్చుకున్నది ఒకటి ఉంది. ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా అనే ఇంగ్లండు బ్యాండ్ వాళ్ల ‘మిస్టర్ బ్లూ స్కై’. ఆ బ్యాండ్‌కి పాటలు కట్టే జెఫ్ లిన్ పాటలు రాద్దామని స్విట్జర్లండ్ కొండల్లో ఇల్లు తీసుకుంటే, రెండు వారాలపాటు వానా పొగమంచూ తప్ప ఏమీ కనిపించలేదట, ఒక్క పాటా రాలేదట. ఆ తరవాత ఒకరోజు ఆకాశం తేరుకుంది, పాటలూ వరసపెట్టి వచ్చాయి. 1977లో వచ్చిన ఆ జంట ఎల్పీలో, అంటే రెండు రికార్డుల ఆల్బమ్‌లో, మూడో వైపంతా వాన మీద కట్టిన పాటల వరస, చివర నీలాకాశం. పిల్లలకు ఇట్టే నచ్చేస్తుంది. పాట ముగిశాక ఒక యంత్రం గొంతు ఏదో అంటుంది. రికార్డు ఆ వైపు అయిపోయింది కాబట్టి, దయచేసి నన్ను తిప్పండి అని అడుగుతుంది. మొన్న కారులో ఇది చెబితే మా అమ్మాయి ఫోన్‌ను బోర్లించి చూసి, “ఏమీ రావట్లేదు నాన్నా” అంది.