నాగపూర్ రాత్రి టపా విమానం: మద్రాసు లెగ్ పని ఎక్కడిదాకా వచ్చింది

1949 నాటి నాగపూర్ రాత్రి టపా విమానాలను ఫ్లైట్ సిమ్యులేటర్‌లో (కంప్యూటరు మీద విమానం నడిపే ప్రోగ్రాం, క్లుప్తంగా సిమ్) మళ్లీ ఎగరేసే పనిలో ఉన్నాం. నాలుగు నగరాల నుంచి నాగపూర్‌కు నాలుగు లెగ్‌లు, అంటే అంచెలు. మద్రాసు నుంచి నాగపూర్‌కు మ్యాపు మీద సూటిగా గీత గీస్తే నెల్లూరు, వినుకొండ, సూర్యాపేట, కాజీపేట, రామగుండం, ఆసిఫాబాద్ దాదాపు ఆ గీత మీదే వస్తాయి. ఆసిఫాబాద్ దాటాక గీత మహారాష్ట్రలోకి అడుగుపెట్టి, రాజురాను కుడిచేతి వైపు వదిలి, పెన్‌గంగ వర్ధలో కలిసే చోటికి దగ్గరగా పోతుంది. మొత్తం 490 నాటికల్ మైళ్లు; కింద దూరాలన్నీ ఈ మైళ్లలోనే. మన బల్లార్ష, చంద్రపూర్, సిరోంచ వైపు సిమ్ నడిపేవాళ్లకు ఇంతకంటే సొంత రూటు దొరకదు. అందుకే నాలుగు లెగ్‌లలో ముందు దీన్నే పట్టుకున్నాం.

కొత్తవాళ్ల కోసం నేపథ్యం క్లుప్తంగా. రాత్రి ఎయిర్ మెయిల్ 1949 జనవరి 30న మొదలైంది. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల నుంచి ఒక్కో విమానం టపా, కొద్దిమంది ప్రయాణికులతో సాయంత్రం దాటాక బయల్దేరి నడిరేయి వేళకు నాగపూర్ సోనేగావ్ విమానాశ్రయంలో దిగేది. అక్కడ సంచులు మార్చుకుని ఎవరి ఊరికి వాళ్లు తెల్లారేలోపు తిరిగి వెళ్లేవాళ్లు. అదే ఏడు ఏప్రిల్ 1 నుంచి మామూలు ఉత్తరాలు కూడా అదనపు రుసుము లేకుండా విమానం ఎక్కాయి. 1953 ఆగస్టు 1న దేశీయ విమాన కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో (ఐఏసీ) కలిశాయి. పెయింటు విషయంలో ఈ తేదీ ఒక్కటి గుర్తుంటే చాలు: అంతకుముందు రాత్రికి ఐఏసీ రంగులు వేయకూడదు. విమానం మాత్రం డకోటానే (రెండు ఇంజన్ల డీసీ-3). స్కైమాస్టర్లు (నాలుగు ఇంజన్ల డీసీ-4లు) తర్వాత వచ్చాయి, వాటి జోలికి ఇప్పుడే పోవడం లేదు.

గీత, గడియారం

సరైన పెయింటు, సరైన రిజిస్ట్రేషన్ వేసి, లోపల జీపీఎస్ పెట్టుకుని దాని తెరమీది గులాబీ రూటు గీత వెంట పోతే అది 1949 కాదు. డకోటా బొమ్మ వేసుకున్న నేటి విమానం, అంతే. కంపాస్, గడియారం, ఒక ఏడీఎఫ్ సూది (నేలమీది రేడియో బీకన్ ఏ దిక్కున ఉందో చూపేది), వీటితోనే నాగపూర్ చేరాలన్నది మేం పెట్టుకున్న షరతు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 40వ వార్షికోత్సవ డీసీ-3లో పాత ప్యానెల్ రకాన్నే ఎంచుకోవాలి. మరో సిమ్ అయిన ఎక్స్-ప్లేన్ డకోటాలో ఆధునిక జీపీఎస్ ఉంటే పవర్ ఇవ్వొద్దు.

నిజ ఉత్తరం, అంటే మ్యాపు ఉత్తరం నుంచి కొలిస్తే దారి 352, 353 డిగ్రీల మధ్య. మన వైపు ఇప్పుడు అయస్కాంత తేడా (కంపాస్ ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ మధ్య కోణం) పడమరకు ఒక డిగ్రీ అటూఇటుగా ఉంది కాబట్టి కంపాస్ మీద 354 పట్టుకుంటే సరిపోతుంది. సిమ్ వాడేది నేటి తేడానే కాబట్టి పాత చార్టు అంకె తెచ్చి ఇక్కడ పెట్టొద్దు. ఎత్తు 8,000 అడుగులు. పడమర సగం దిక్కుకు పోతే సరి వేల అడుగులు అన్న నేటి నియమం ఆన్‌లైన్‌లో ఇతరులతో ఎగిరేటప్పుడు పాటించాలి. తిరుగు ప్రయాణంలో 7,000 గానీ 9,000 గానీ.

గాలి లేనప్పుడు నిజ వేగం 145 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు) అనుకుంటే లెక్క ఇలా వస్తుంది:

మద్రాసు – నెల్లూరు 88 మైళ్లు, ఎక్కడంతో కలిపి 41 నిమిషాలు
నెల్లూరు – వినుకొండ 97 మైళ్లు, 40 నిమిషాలు
వినుకొండ – సూర్యాపేట 66 మైళ్లు, 27 నిమిషాలు
సూర్యాపేట – కాజీపేట 50 మైళ్లు, 21 నిమిషాలు
కాజీపేట – రామగుండం దగ్గర గోదావరి 49 మైళ్లు, 20 నిమిషాలు
గోదావరి – ఆసిఫాబాద్ 35 మైళ్లు, 15 నిమిషాలు
ఆసిఫాబాద్ – నాగపూర్ 105 మైళ్లు, 43 నిమిషాలు

దిగడానికి మరో 8 నిమిషాలు కలిపితే మూడు గంటల ముప్పై ఐదు నిమిషాలు.

ఎక్కువమంది దారి తప్పేది మొదటి ముక్కలోనే. పడమటి నుంచి 20 నాట్ల గాలి ఉందనుకోండి. ముక్కు సరిచేయకుండా 354 మీదే పోతే నెల్లూరు దగ్గరికి వచ్చేసరికి దాదాపు 14 మైళ్లు తూర్పుకు, అంటే సముద్రం వైపుకు జరిగిపోతారు. కింద చీకటి కాబట్టి తెలియదు. దీనికి అరవైకి ఒకటి సూత్రం వాడండి: 60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతే ఒక డిగ్రీ. నెల్లూరు దీపాలు 6 మైళ్లు ఎడమన కనిపించాయంటే 88 మైళ్లలో 6 మైళ్లు జరిగారు, అంటే 4 డిగ్రీలు. వినుకొండకు ఇంకా 97 మైళ్లు ఉంది, అక్కడికి గీత మీదికి రావాలంటే మరో నాలుగు. మొత్తం 8 డిగ్రీలు ఎడమకు తిప్పి 346 పట్టండి. వినుకొండ దాటాక అందులో సగం వెనక్కి తీసి 350. ఈ సగం వెనక్కి తీయడం మరిచిపోయినవాళ్లు సూర్యాపేటకు పడమరగా తేలి, హైదరాబాద్ వెలుగును చూసి కంగారు పడతారు.

స్పీడు గేజీ మైళ్లలో ఉందో నాట్లలో ఉందో ముందే చూసుకోండి. పాత డకోటా గేజీ గంటకు మామూలు మైళ్లలో ఉంటుంది, నాటికల్ మైళ్లలో కాదు. 8,000 అడుగుల దగ్గర గేజీ మీద 145 మైళ్లు కనిపిస్తే నిజ వేగం కూడా దాదాపు 145 నాట్లే. అంకె కలిసింది కదా అని కిందికి దిగాక కూడా అదే లెక్క వేస్తే మునుగుతారు. ఫైనల్‌లో (దిగే ముందు రన్‌వేకు సూటిగా వచ్చేటప్పుడు) 90 నాట్లు అంటే గేజీ మీద 104 మైళ్లు. గేజీలో 90 చూసి సరేనని దిగేవాళ్లు నిజానికి 78 నాట్ల మీద వేలాడుతుంటారు.

పెట్రోలు, బరువు, ఇంజన్లు

రెండు మెయిన్ ట్యాంకులు, రెండు ఆగ్జిలరీలు (అదనపు ట్యాంకులు), మొత్తం సుమారు 800 యూఎస్ గ్యాలన్లు. క్రూయిజ్‌లో (ఎత్తుకు చేరి నిలకడగా పోయేటప్పుడు) రెండు ఇంజన్లకూ కలిపి గంటకు 95 గ్యాలన్లు వేసుకుంటున్నాం. మూడున్నర గంటలకు 330, ఎక్కడానికి అదనంగా 20, నాగపూర్ మూసుకుపోతే హైదరాబాద్ బేగంపేటకు 220 మైళ్లు వెనక్కి రావడానికి 145, ఆపైన ముప్పావు గంటకు 70. మొత్తం 565 వస్తుంది, మేం 575 పోస్తున్నాం. గ్యాలనుకు 6 పౌండ్ల లెక్కన 3,450 పౌండ్లు. పైకి లేచే గరిష్ఠ బరువు 25,200గా, సిబ్బంది, ఆయిలుతో ఖాళీ విమానం 17,800గా పెట్టుకుంటే టపాకూ మనుషులకూ 3,950 పౌండ్లు మిగులుతాయి. అందులో పదిమంది ప్రయాణికులకు 1,700, మిగిలిన 2,250 సంచులు. సంచుల బరువంతా వెనక కంపార్టుమెంటులో పెడితే తోక బరువెక్కి రన్‌వే మీద తోక లేవదు. ముందు భాగంలో కనీసం మూడోవంతు ఉండాలి.

లేచేటప్పుడు, దిగేటప్పుడు రెండు సెలెక్టర్లూ మెయిన్ మీదే, ఎడమ ఇంజను ఎడమ మెయిన్‌కు, కుడిది కుడికి. ఎత్తుకు చేరాక ఒక గంట మెయిన్ మీదే నడిపి, అప్పుడు ఆగ్జిలరీకి మార్చండి. రెండు ఇంజన్లనూ ఒకే ట్యాంకు మీద పెట్టి మరిచిపోతే రెక్క ఒక పక్కకు వాలడం మొదలవుతుంది, జనం దాన్ని గాలి అనుకుని ట్రిమ్ తిప్పుతూ కూర్చుంటారు. ట్యాంకు ఖాళీ అయ్యే ముందు ఇంధన ప్రెషర్ సూది ఊగుతుంది. అది ఊగినప్పుడే బూస్టర్ పంపు వేసి సెలెక్టర్ మార్చాలి, ఇంజను దగ్గేదాకా ఆగొద్దు.

టేకాఫ్‌కు 48 అంగుళాల మానిఫోల్డ్ ప్రెషర్, 2,700 ఆర్‌పీఎం. చక్రాలు లోపలికి పోయాక 42, 2,550. ఎక్కేటప్పుడు 36, 2,350. క్రూయిజ్‌లో 28 నుంచి 29, 2,050, మిక్స్చర్ (పెట్రోలు, గాలి పాళ్లు) ఆటో లీన్, అంటే పెట్రోలు తక్కువ. పవర్ తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్, తర్వాత ప్రొపెల్లర్. పెంచేటప్పుడు ముందు ప్రొపెల్లర్. కౌల్ ఫ్లాప్స్ (ఇంజనుకు చల్లగాలి తగ్గించి పెంచే రెప్పలు) టేకాఫ్‌కు ట్రెయిల్, అంటే కొద్దిగా తెరిచి, ఎత్తుకు చేరాక మూసేయాలి. తెరిచే వదిలేస్తే ఏడెనిమిది నాట్లు పోతాయి, పై సమయాల పట్టిక మొత్తం తప్పుతుంది. సమయం కలవడం లేదని గాలిని తిట్టేముందు కౌల్ ఫ్లాప్స్ చూడండి.

నాగపూర్ నుంచి రాత్రి లేవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1953 డిసెంబరు 12 రాత్రి మద్రాసు వైపు బయల్దేరిన ఐఏసీ డకోటా అక్కడే, లేచిన కాసేపటికే కూలిపోయింది. అందుకే తిరుగు లెగ్ ఎగిరే ముందు ఒక ఇంజను ఆపేసి ఎగరడం పగటిపూట సాధన చేయాలన్నది నియమంగా పెట్టాం. చచ్చిన ఇంజను ప్రొపెల్లర్ ఫెదర్ చేయకుండా (దాని రెక్కల అంచు గాలికి ఎదురుగా తిప్పకుండా) పూర్తి బరువుతో డకోటా ఎత్తు నిలబెట్టుకోదు.

బీకన్లు

నేటి డేటాబేసుల్లో ఎన్‌డీబీలు (ఏడీఎఫ్ సూది పట్టుకునే రేడియో బీకన్లు) ఒక్కొక్కటే మాయమవుతున్నాయి, అందుకని మనమే పెట్టుకోవాలి. ఎక్స్-ప్లేన్‌లో కస్టమ్ డేటా ఫోల్డరులోని యూజర్ నావ్ ఫైలు (user_nav.dat) ఈ పనికే. నావిగేషన్ డేటా అప్‌డేట్ చేసినా అది చెరిగిపోదు. ఒక్కో బీకన్‌కు ఒక్కో వరస: కోడ్ 2, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అడుగుల్లో, ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లో, రేంజి మైళ్లలో, తర్వాత 0.0, గుర్తు అక్షరాలు, ఎన్‌రూట్ సూచన, ప్రాంతం కోడ్, పేరు. నాగపూర్‌కు 21.092, 79.047, ఎత్తు 1,033. పైన రెండు హెడర్ వరసలు, చివర 99 లేకపోతే బీకన్ రాదు, ఎర్రర్ కూడా సరిగా చెప్పదు. డిగ్రీలు, నిమిషాలుగా రాసిన అంకెల్ని దశాంశంలోకి మార్చకుండా దించితే బీకన్ ఇరవై ముప్పై మైళ్ల దాకా పక్కకు జరిగి మొలవొచ్చు.

మద్రాసు, నాగపూర్‌లకు 50 మైళ్ల రేంజి, బేగంపేటకు 75. మధ్యలో ఇంకేం పెట్టలేదు, పెట్టొద్దు కూడా. బేగంపేట ఎందుకంటే అది గీతకు పడమరగా 62 మైళ్ల దూరంలో ఉంది. ఏడీఎఫ్ సూది సరిగ్గా ఎడమ రెక్క మీదికి, అంటే 270 మీదికి వచ్చిన క్షణాన మీరు సూర్యాపేటకూ కాజీపేటకూ సగం దూరంలో ఉన్నట్టు. గాలికి ముక్కు ఎన్ని డిగ్రీలు తిప్పి ఎగురుతున్నారో అన్ని డిగ్రీలు ఆ 270కి సర్దుకోవాలి. గడియారం లెక్కతో ఇది మూడు నిమిషాలకు మించి తేడా వస్తే అప్పటిదాకా అనుకున్న ఎదురుగాలి లేదా తోడుగాలి తప్పన్నమాట. మిగతా సమయాలన్నీ కొత్త వేగంతో మళ్లీ రాసుకోండి. నిజమైన ఎన్‌డీబీ సూది రాత్రిపూట ఆకాశ తరంగాల వల్ల ఊగుతుంది, సిమ్‌లో అలా కదలదు. ఆ లోటు పూడ్చడానికే రేంజి కావాలని తగ్గించాం.

చీకటి

అన్నిటికంటే మొండి సమస్య వెలుతురు. ఫ్లైట్ సిమ్యులేటర్ రాత్రి దీపాలన్నీ నేటి రోడ్ల నుంచి వస్తాయి. సూర్యాపేట హైవే దండలా వెలుగుతుంది. రామగుండం, చంద్రపూర్ థర్మల్ కేంద్రాలు యాభై మైళ్ల నుంచే కనిపిస్తాయి, ఆ పెద్ద కేంద్రాలు రెండూ 1980లవి. గోదావరి మీద గీతకు సరిగ్గా కిందే ఎల్లంపల్లి నీళ్లు పరుచుకుని ఉంటాయి, ఆ కాలంలో అక్కడ ఇసుకా, సన్నటి పాయా తప్ప ఏముంటుంది? దాన్ని గుర్తుగా వాడొద్దు. కృష్ణ దాటేటప్పుడు ఎడమచేతి వైపు దూరాన కనిపించే నాగార్జునసాగర్ కూడా అంతే.

ఎక్స్-ప్లేన్‌లో వస్తువుల సంఖ్య కిందికి దించితే రోడ్డు దీపాలు చాలావరకు తగ్గుతాయి. మైక్రోసాఫ్ట్‌లో అలాంటి మీట లేదు. 4,000 అడుగుల దగ్గర పలుచటి మేఘం పొర వేసి, నెల్లూరు, కాజీపేట చుట్టూ మాత్రం ఖాళీ వదిలిన వాతావరణం వాడుతున్నాం. పూర్తి పరిష్కారం కాదు గానీ హైవే పట్టుకుని పోయే దొంగదారి మూసుకుంటుంది. టపా మొదలైన ఆ తొలి రాత్రికి అమావాస్య దాటి ఒకటి రెండు రోజులే అయింది, కాబట్టి చంద్రుడు లేని రాత్రే పెట్టండి. సంవత్సరం మార్చనివ్వని సిమ్‌లో ఈ ఏటి అమావాస్య తేదీ చాలు.

నలుగురూ ఒకేసారి

నడిరేయికి నాగపూర్ చేరాలంటే కలకత్తా విమానం (532 మైళ్లు) 20:05కు, మద్రాసుది 20:25కు, ఢిల్లీది (460) 20:35కు, బొంబాయిది (368) 21:15కు కదలాలి. ఇవన్నీ మన ప్రామాణిక సమయం, యూటీసీలో నడిరేయి అంటే 18:30. పాత కాగితాల్లోంచి సమయాలు తీసేవాళ్లు పైన ఏ టైమ్ అని రాసి ఉందో చూడాలి, బొంబాయి టైమ్ 39 నిమిషాలు వెనక నడిచేది.

పది నిమిషాల తేడాలో నాలుగు డకోటాలు వస్తాయి. బీకన్ మీద 4,000 నుంచి 7,000 దాకా వెయ్యేసి అడుగుల తేడాతో తిరుగుతూ, ముందు వచ్చినవాళ్లు అడుగున ఉండాలి. ఆన్‌లైన్ నెట్‌వర్క్ ఫ్లైట్ ప్లాన్‌లో రకం డీసీ3, పరికరాల గడిలో ఏడీఎఫ్‌కు ఎఫ్, మాటల రేడియోకు వి మాత్రమే, ట్రాన్స్‌పాండరుకు సి. ఆర్‌నావ్ (ఏ బిందువుకైనా సూటిగా పోనిచ్చే నేటి నావిగేషన్) లేదని రిమార్కుల్లో రాయకపోతే కంట్రోలర్ ఏదో ఐదక్షరాల పేరున్న ఫిక్స్‌కు (చార్టు మీది బిందువు) సూటిగా పొమ్మంటారు, మీ దగ్గర అది ఉండదు. పక్కవాళ్ల డకోటా మీ తెరమీద ఎయిర్‌బస్‌లా కనిపిస్తే మోడల్ మ్యాచింగ్ నియమాల ఫైలులో డీసీ3కి వరస చేర్చాలి.

దిగేది రన్‌వే 32 మీద, దక్షిణం నుంచి వచ్చేవాళ్లకు అదే సులువు. ఫైనల్‌లోకి రాకముందే టెయిల్‌వీల్ లాక్ (తోక చక్రం పక్కకు తిరగకుండా ఆపేది) వేయండి. నేల తాకాక వేద్దామంటే అప్పటికే ముక్కు పక్కకు తిరిగి ఉంటుంది.

మద్రాసు లెగ్‌లో మిగిలింది మేఘాల పొరను ఎక్స్-ప్లేన్‌కు కూడా తయారుచేయడం. కలకత్తా లెగ్ గీత ఝార్సుగూడ మీదుగా పోతోంది. అక్కడ ఒక బీకన్ పెట్టాలా, లేక ఖరగ్‌పూర్ నుంచి నాగపూర్ దాకా గడియారం మీదే వదిలేయాలా అన్నది తేలాలి. గడియారానికే మొగ్గు ఎక్కువగా ఉంది.