బెంచ్ మీద అనుభవం ఉన్నా ఏ ప్లస్ ఎందుకు చదివాను, ఎలా చదివాను

ఏ ప్లస్ అంటే కంప్యూటర్ సపోర్ట్ పనికి కాంప్టియా అనే సంస్థ పెట్టే సర్టిఫికెట్ పరీక్ష. సర్వీస్ బెంచ్ మీద, అంటే కంప్యూటర్లు బాగుచేసే బల్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన మనలాంటివాళ్లకు అందులో కష్టమనిపించేది పని వరస. సిస్టమ్ ఆన్ అవుతోంది కానీ డిస్‌ప్లే రావడం లేదని కస్టమర్ చెబుతుండగానే మన చెయ్యి ర్యామ్ మీదకు వెళ్లిపోతుంది. తీసి, గోల్డ్ కాంటాక్ట్‌లను రబ్బరుతో తుడిచి, మళ్లీ స్లాట్‌లో నొక్కితే చాలాసార్లు పని అయిపోతుంది. పరీక్షలో మాత్రం 'టెక్నీషియన్ మొట్టమొదట ఏం చేయాలి?' అని అడుగుతారు. ఇచ్చిన నాలుగు జవాబులూ మనం రోజూ చేసే పనులే. వాటిలో ఏది ముందో తేల్చాలి.

నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ కాంప్లెక్స్‌లో పని నేర్చుకున్నాను. డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాలకు అప్లై చేసినప్పుడల్లా రెజ్యూమె దగ్గరే ఆగిపోయేది. షాపులో పనికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఉండదు, పీఎఫ్ ఉండదు, శాలరీ స్లిప్ ఉండదు. ఎన్ని మదర్‌బోర్డులు బాగుచేసినా హెచ్ఆర్ వాళ్ల లెక్కలో అది అనుభవమే కాదు. ఇది అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. కానీ సర్టిఫికెట్ పెట్టాకే ఇంటర్వ్యూ కాల్స్ రావడం మొదలైంది. టెక్నికల్ రౌండ్‌లో గట్టెక్కించింది మాత్రం బెంచ్ మీద నేర్చుకున్నదే.

పరీక్ష సంగతి క్లుప్తంగా చెబుతాను. కోర్ 1, కోర్ 2 అని రెండు పేపర్లు. 2025లో వచ్చిన కొత్త సిలబస్ ప్రకారం వాటి కోడ్‌లు 220-1201, 220-1202. ఒక్కోదానికి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 900 స్కేల్ మీద కోర్ 1కి 675, కోర్ 2కి 700 రావాలి. నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏ ప్రశ్నా వదలకండి. పాత పుస్తకం కొనేముందు కోడ్ చూసుకోండి. పాత 1101, 1102 మెటీరియల్ తక్కువ ధరకు దొరుకుతుంది కానీ అది పాత సిలబస్‌ది.

ట్రబుల్‌షూటింగ్‌కు వాళ్లు చెప్పే ఆరు మెట్లు నోటికి రావాలి. సమస్య ఏమిటో గుర్తించడం, కారణం ఊహించడం, ఆ ఊహను పరీక్షించడం, ప్లాన్ వేసుకుని అమలు చేయడం, సిస్టమ్ అంతా సరిగ్గా పనిచేస్తోందో చూడటం, చివరికి చేసిందంతా రాసిపెట్టడం. కస్టమర్‌ను అడగడం, ఈ మధ్య ఏం మార్చారో తెలుసుకోవడం, మార్పులు చేసేముందు బ్యాకప్ తీయడం, ఇవన్నీ మొదటి మెట్టులోనే ఉన్నాయి. 'తర్వాత ఏం చేయాలి' అన్న ప్రశ్న వస్తే, ప్రశ్నలోని టెక్నీషియన్ ఏ మెట్టు మీద ఉన్నాడో ముందు చూడండి. జవాబు ఆ తర్వాతి మెట్టులో ఉంటుంది. ఈ ఒక్క అలవాటుతోనే నా మాక్ టెస్ట్ స్కోర్లు బాగా పెరిగాయి.

చదువు అనుభవానికి ఏం కలుపుతుందో నాకు బాగా తెలిసింది లేజర్ ప్రింటర్ల దగ్గర. ఒక ప్రింటర్ వచ్చింది. పేజీ చూడ్డానికి శుభ్రంగా ఉంది, బొటనవేలితో రుద్దితే అక్షరాలు నల్లటి పొడిగా వేలికి అంటుకుంటున్నాయి. ఫ్యూజర్ (టోనర్ అనే సిరా పొడిని వేడితో కాగితానికి అంటించే భాగం) పోయిందని బెంచ్ మీద ఎవరైనా చెబుతారు. ఎందుకని అడిగితే 'ఇలా వస్తే అదే' అంటారు. లేజర్ ప్రింటింగ్‌లో ఏడు దశలు ఉన్నాయి: ప్రాసెసింగ్, ఛార్జింగ్, ఎక్స్‌పోజింగ్, డెవలపింగ్, ట్రాన్స్‌ఫరింగ్, ఫ్యూజింగ్, క్లీనింగ్. అక్షరం కాగితం మీదకు సరిగ్గా వచ్చిందంటే ఐదో దశ వరకూ లోపం లేదన్నమాట. టోనర్ వేడికి కరిగి కాగితానికి పట్టుకోవాల్సింది ఆరో దశలో. ఇలా ఆలోచించడం వచ్చాక, ఎప్పుడూ చూడని మోడల్ వచ్చినా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఈ అధ్యాయం బట్టీ పట్టొద్దు. టోనర్ కార్ట్రిడ్జ్ బయటికి తీసి, డ్రమ్ ఏది, డెవలపర్ రోలర్ ఏది, వేస్ట్ టోనర్ ఎక్కడికి పోతోంది అని చూస్తూ చదవండి.

నెట్‌వర్కింగ్ కోర్ 1లో 23 శాతం. ఐపీ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచే సర్వీస్) నుంచి అడ్రస్ రాలేదని మనకు తెలుసు. పోర్ట్ నంబర్లు, కేబుల్ రకాలు, వైఫై ప్రమాణాలు మాత్రం కూర్చుని చదవాల్సిందే.

అసలు సమయం కోర్ 2కి ఉంచుకోండి. విండోస్ ఫార్మాట్ చేయడంలో మనల్ని మించినవాళ్లు లేరు కానీ యాక్టివ్ డైరెక్టరీ (కంపెనీ యూజర్ల అకౌంట్లు నడిపేది), గ్రూప్ పాలసీ (అందరి సిస్టమ్‌లకు ఒకే సెట్టింగ్‌లు పెట్టేది), బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసేది) లాంటివి షాపు కౌంటర్‌కు పెద్దగా రావు. సెక్యూరిటీ 28 శాతం, ఆపరేషనల్ ప్రొసీజర్స్ (టికెట్లు, అనుమతులు, రికార్డుల పద్ధతులు) 21 శాతం. అంటే దాదాపు సగం పేపర్. మనకు టికెట్ అంటే లాప్‌టాప్‌కు అంటించే స్టిక్కర్. కంపెనీలో ఏ మార్పు ఎవరి అనుమతితో చేశారు, సరిపడకపోతే ఎలా వెనక్కి తీసుకోవాలి అన్నదంతా రికార్డులో ఉండాలి. వర్చువల్ మెషీన్‌లో (మీ కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) విండోస్ ప్రో, ఒక లినక్స్ వేసుకుని కమాండ్‌లు చేత్తో కొట్టండి. పరీక్షలో చేసి చూపించాల్సిన ప్రశ్నలు కూడా ఉంటాయి. నాకు అవి మొదట్లోనే వచ్చాయి. వాటిని మార్క్ చేసి పక్కనపెట్టి, మిగతావి అయ్యాక తీరిగ్గా చేశాను. మీరూ అలాగే చేయండి, టెన్షన్ తగ్గుతుంది.

డంప్స్ (బయటికి లీకైన అసలు పరీక్ష ప్రశ్నలు, జవాబులు) గురించి గట్టిగా చెప్పాలి. వాటి జోలికి పోవద్దు. వాడినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం కాంప్టియాకు ఉంది. అంతకంటే పెద్ద నష్టం ఇంటర్వ్యూలో జరుగుతుంది. జవాబు చెప్పాక 'అది కాకపోతే?' అని ఒక్క ప్రశ్న వేస్తే డంప్స్‌తో పాసైనవాళ్ల దగ్గర మాట ఉండదు.

ఐటీఐ, డిప్లొమా అయిపోయి ఇప్పుడే చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దగ్గర్లోని సర్వీస్ షాపులో కొన్నాళ్లు కూర్చోండి. ఈ పరీక్షకు 12 నెలల పని అనుభవం ఉంటే మంచిదని కాంప్టియానే చెబుతోంది, తప్పనిసరి మాత్రం కాదు. ఇక ప్రభుత్వ ఉద్యోగాలకు నోటిఫికేషన్‌లో అడిగిన అర్హతే చూస్తారు, డిప్లొమా అడిగిన చోట ఏ ప్లస్ సరిపోదు. సర్టిఫికెట్ గడువు కూడా మూడేళ్లే, ఆలోపు రెన్యూ చేసుకోవాలి.

చిప్ లెవల్ రిపేర్‌లోనే స్థిరపడాలనుకునే అన్నలకు నా సలహా వేరు. బీజీఏ రీవర్క్ (బోర్డు మీది చిప్‌లు తీసి మళ్లీ అతికించడం), షార్ట్ వెతకడం, బోర్డు వ్యూ (బోర్డులో ఏ భాగం ఎక్కడుందో చూపే ఫైల్) చదవడం ఈ పరీక్షలో లేవు. మీ కస్టమర్ సర్టిఫికెట్ అడగడు, లాప్‌టాప్ ఆన్ అయిందా అని అడుగుతాడు. ఫీజుకు దాచిన డబ్బుతో మంచి హాట్ ఎయిర్ స్టేషన్, డీసీ పవర్ సప్లై కొనుక్కోండి. సపోర్ట్ ఉద్యోగంలోకి మారాలని నిజంగా అనుకుంటే మాత్రం కోర్ 1 స్లాట్ ముందే బుక్ చేసుకుని చదవడం మొదలుపెట్టండి. ఆబ్జెక్టివ్స్ (సిలబస్ జాబితా) పీడీఎఫ్ కాంప్టియా సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రింట్ తీసుకుని, బెంచ్ మీద ఇప్పటికే చేసిన వాటికి టిక్ పెట్టండి. టిక్ పడనివే మీ సిలబస్.